కుర్చీలు వేసిందెవరు? డాన్సు చేసేదెవరు?

మన సినిమాల్లో తాతకీ మనవడికీ పడదు. మావగారికీ అల్లుడికీ అస్సలు పడదు. ఇంటర్వెల్ దాకా ఎడమొహం పెడమొహం. క్లైమాక్సులో ఎవరో ఒకరు ఆస్పత్రి మంచమెక్కుతారు, చేతులు కలుస్తాయి, శుభం కార్డు పడుతుంది. మనం కళ్లు తుడుచుకుని బండి స్టాండు వైపు నడుస్తాం.

బయటి లోకంలో శుభం కార్డు అంత సులువుగా పడదు. పాతవాళ్లకీ కొత్తవాళ్లకీ మధ్య పేచీ వచ్చినప్పుడు ఇద్దరి దగ్గరా కొంత న్యాయం ఉంటుంది. అదీ అసలు చిక్కు!

ఈ చిక్కును తెరకెక్కించిన రెండు ఇంగ్లీషు చిత్రాల గురించే ఈ వారం ముచ్చట. ఒకటి 2008లో వచ్చిన అమెరికన్ చిత్రం 'మిల్క్'. రెండోది 2014లో వచ్చిన బ్రిటిష్ చిత్రం 'ప్రైడ్'. రెండూ జరిగిన కథలే. రెండూ గేలు, లెస్బియన్లు, అంటే స్వలింగ ప్రేమికులు, తమ హక్కుల కోసం చేసిన పోరాటం గురించినవే. పోలీసు లాఠీలు, ద్వేషం నూరిపోసే నాయకులు రెండింట్లోనూ ఉన్నారు. అయితే నన్ను కట్టిపడేసింది ఆ విలన్లు కాదు. 'మనం ఎలా పోరాడాలి? ఎవరితో చేతులు కలపాలి?' అని సొంత ఇంట్లోనే జరిగిన తగవు.

కెమెరా షాపు కథానాయకుడు

హార్వీ మిల్క్ 1930లో పుట్టాడు. నేవీలో పనిచేశాడు, న్యూయార్కులో డబ్బు లెక్కల ఉద్యోగాలు చేశాడు. నలభయ్యో పడిలో పడ్డాక జుట్టు పెంచి, 1972లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. మర్నాటి ఏడాది కాస్ట్రో వీధిలో ఒక కెమెరా షాపు తెరిచాడు. ఫిల్ము రోళ్లు కడిగించుకోడానికి వచ్చినవాళ్లతో కబుర్లు మొదలై, ఆ కబుర్లే రాజకీయమయ్యాయి. అదే ఏడాది నగర సూపర్‌వైజర్ పదవికి పోటీకి దిగాడు. మన లెక్కలో అది కార్పొరేటర్ పదవి లాంటిదనుకోండి.

ఆ నగరంలో గేలకు అప్పటికే నాయకులున్నారు. జిమ్ ఫాస్టర్ వాళ్లలో ముఖ్యుడు. 1971లో ఏలిస్ బి. టోక్లస్ క్లబ్బు పెట్టింది ఆయనే. 1972 డెమోక్రటిక్ పార్టీ మహాసభలో మైకు ముందు నిలబడి గేల హక్కుల గురించి మాట్లాడిన మనిషి. నిన్న మొన్న ఊళ్లో దిగిన కెమెరా షాపు యజమాని వచ్చి మద్దతు అడిగితే ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. కుర్చీలు వేసినవాళ్లకే డాన్సు చేసే హక్కు, నువ్వెప్పుడు కుర్చీలు వేశావయ్యా అనే అర్థం వచ్చేలా మొహమ్మీదే చెప్పాడు. ఆ తర్వాత ఎన్నికల్లో కూడా ఆయన వర్గం మిల్క్‌కి మద్దతివ్వలేదు.

ఇక్కడో తమాషా ఉంది. ఫాస్టర్ వయసులో మిల్క్ కన్నా చిన్నవాడు! నాలుగేళ్లు తక్కువ. అయినా పాత తరం ఫాస్టర్‌ది, కొత్త తరం మిల్క్‌ది. ఉద్యమంలో తరమంటే పుట్టిన సంవత్సరం కాదన్నమాట. ఎంత కాలంగా దెబ్బలు తింటున్నావు, ఆ దెబ్బల వల్ల ఏ పాఠం నేర్చుకున్నావు అన్నదే తరం.

పాతవాళ్ల పాఠాన్ని చులకన చేయకూడదు. 1950ల్లో అమెరికాలో గే అని తెలిస్తే ఉద్యోగం ఊడేది. బార్ల మీద పోలీసులు దాడి చేస్తే పట్టుబడినవాళ్ల పేర్లు పేపర్లో పడేవి. మర్నాడు ఇంటి యజమాని, ఆఫీసు పెద్ద, కన్నతల్లి అందరూ ఆ పేపరు చదివేవాళ్లే! ఆ రోజుల్లో మాటాషీన్ సొసైటీ లాంటి సంఘాలు గుట్టుగా నడవక తప్పలేదు. కోటూ టై వేసుకుని, మంచిమాటగా, మనకు సానుభూతి చూపే పెద్దమనుషుల ద్వారా పని సాధించుకుందాం అన్నది వాళ్ల దారి. ఆ దారిలో నడిచే వాళ్లు కొంత సాధించారు కూడా.

అలాగని పాతవాళ్లంతా ఒక్క తీరు కాదు. హోసె సరియా అనే ఆయన బ్లాక్ క్యాట్ అనే బార్లో ఆడవేషం కట్టి పాటలు పాడే కళాకారుడు. మిల్క్ కన్నా పెద్దవాడు. 1961లోనే, గేనని దాచకుండా అదే సూపర్‌వైజర్ పదవికి నిలబడి ఐదు వేలకు పైగా ఓట్లు తెచ్చుకున్నాడు. పెద్దమనుషులు కాదన్న మిల్క్‌కి మొదట్లోనే అండగా నిలిచినవాళ్లలో ఈ ఆడవేషగాడు ఒకడు. స్టేజీ మీద భయం పోగొట్టుకున్నవాడు కదా మరి!

బీరు లారీలు తెచ్చిన స్నేహం

సొంతవాళ్లు తలుపు వేస్తే మిల్క్ పక్క తలుపు తట్టాడు. అక్కడ కనిపించింది ఎవరనుకున్నారు? బీరు లారీలు తోలే డ్రైవర్లు!

1970ల మొదట్లో ఆ డ్రైవర్ల సంఘం టీమ్‌స్టర్స్ బీరు పంపిణీదార్ల మీద సమ్మె కట్టింది. కూర్స్ కంపెనీ బీరు ఒప్పందానికి లొంగడం లేదు. సంఘం నాయకుడు అలన్ బేర్డ్ కాస్ట్రో ప్రాంతం మనిషే. మిల్క్ దగ్గరికొచ్చి, గే బార్లలో కూర్స్ బీరు అమ్మకుండా చేయగలవా అని అడిగాడు. మిల్క్ సరేనన్నాడు, కానీ ఉత్తినే కాదు. మీ సంఘం లారీల మీద గే డ్రైవర్లకు ఉద్యోగాలివ్వాలి అని షరతు పెట్టాడు. బేర్డ్ ఒప్పుకున్నాడు. బార్లలో కూర్స్ సీసాలు మాయమయ్యాయి. అరబ్ దుకాణదార్లనూ చైనా దుకాణదార్లనూ మిల్క్ ఇదే బహిష్కరణలో కలిపాడు.

నాకు ఈ బేరం ముచ్చటేసింది. ఇందులో 'మమ్మల్ని జాలిగా చూడండి బాబూ' అన్న వేడుకోలు లేదు. మీకు మా అవసరముంది, మాకు మీ అవసరముంది, ఇద్దరం బాగుపడదాం అన్న లెక్క ఉంది. మోటుగా కనిపించే లారీ డ్రైవరుకి గే అంటే మొదట నవ్వులాటే అయ్యుండొచ్చు. పక్కన నిలబడి సమ్మె గెలిపించినవాణ్ణి చూసి ఎవడు నవ్వుతాడు? 1975 పోటీ నాటికి డ్రైవర్లు, ఫైరింజన్ సిబ్బంది, భవన నిర్మాణ కార్మికుల సంఘాలు మిల్క్ వెనక నిలిచాయి.

జుట్టు కత్తిరించి, సూటు వేసి, ఓడి, మళ్లీ ఓడి, నాలుగో పోటీలో 1977 నవంబరులో మిల్క్ గెలిచాడు. ఈసారి ప్రచారం నడిపింది ఆన్ క్రోనెన్‌బర్గ్ అనే ఇరవై దాటిన లెస్బియన్ యువతి. మగవాళ్లతో నిండిన ఆ కెమెరా షాపులోకి ఆమె అడుగుపెట్టే సన్నివేశం 'మిల్క్'లో ఉంది. తప్పక చూడండి. గేలకూ లెస్బియన్లకూ మధ్య కూడా గోడలుండేవని ఆ ఒక్క సీనులో తెలిసిపోతుంది.

మాట దాచిన కరపత్రం

1978లో అసలు పరీక్ష వచ్చింది. జాన్ బ్రిగ్స్ అనే కాలిఫోర్నియా సెనేటర్, గేలనూ వాళ్లను సమర్థించేవాళ్లనూ ప్రభుత్వ బడుల్లో టీచర్లుగా ఉండనివ్వకూడదని ప్రజల ఓటుకు పెట్టాడు. దానిపేరు ప్రపోజిషన్ 6.

ఎలా ఎదుర్కోవాలి? మళ్లీ అదే తగవు! మానవ హక్కులు, ఇంటి గుట్టు ప్రభుత్వానికెందుకు లాంటి మర్యాద మాటలతో నెట్టుకొద్దాం, గే అన్న మాట ముందుకు తేవద్దు అని పెద్దలు. సినిమాలో ఆ మాట లేని కరపత్రం చూసి హార్వీకి ఒళ్లు మండుతుంది. ఆయన దారి పూర్తిగా వేరు. ఎవరికి వాళ్లు ఇంట్లో, ఆఫీసులో, వీధిలో తాము ఎవరో చెప్పేయండి అన్నాడు. ముఖం తెలిసిన మనిషికి వ్యతిరేకంగా ఓటు వేయడం కష్టం అన్నది ఆయన నమ్మకం. క్లీవ్ జోన్స్ లాంటి ఇరవై నాలుగేళ్ల కుర్రాళ్లు మైకు పట్టుకుని వీధుల్లోకొచ్చారు.

ఇప్పుడు సినిమా పాఠకులకు ఒక ప్రత్యేక విశేషం. ఈ ప్రతిపాదనను వద్దన్న పెద్దల్లో ఒకప్పటి హాలీవుడ్ హీరో రొనాల్డ్ రీగన్ ఉన్నాడు! సంప్రదాయవాదులకు ఆరాధ్య దైవం. ఆయన్ని ఒప్పించడానికి పనికొచ్చింది మర్యాద మాటల దారే. ఇటు వీధిలో కుర్రకారు, అటు గదిలో పెద్దలు. చివరికి నవంబరు 7న 58 శాతం మంది వద్దని ఓటు వేశారు. ఏ ఒక్క దారి వల్ల గెలిచామని ఎవరు చెప్పినా నేను నమ్మను.

అప్పటి టీవీ చర్చలో బ్రిగ్స్‌ని ఎదుర్కొన్నది మిల్క్ ఒక్కడే కాదు, పక్కన శాలీ గేర్‌హార్ట్ అనే లెస్బియన్ అధ్యాపకురాలూ ఉంది. సినిమాలో ఆమె లేదు. చరిత్ర తెరకెక్కేటప్పుడు హీరో పక్కవాళ్లు ఎడిటింగులో పోవడం మనకు కొత్త కాదు గానీ, ఈ కథలో మాత్రం అది వెలితే.

గెలిచిన మూడు వారాలకే, 1978 నవంబరు 27న, హార్వీ మిల్క్‌నూ నగర మేయరు జార్జి మాస్కోనీనీ మాజీ సూపర్‌వైజర్ డాన్ వైట్ కాల్చి చంపాడు. మిల్క్ పదవిలో ఉన్నది పదకొండు నెలలు కూడా కాదు. సీన్ పెన్ ఈ పాత్రకు ఆస్కార్ అందుకున్నాడు. స్క్రిప్టు రాసిన డస్టిన్ లాన్స్ బ్లాక్‌కి కూడా ఆస్కార్ వచ్చింది. మిల్క్ బతికున్న రోజుల్లో బ్లాక్ పసివాడు. ఆయన కథను అతనికి చెప్పిన వాళ్లలో ముఖ్యుడు క్లీవ్ జోన్స్. పాతవాళ్లు చెబితే కొత్తవాడు రాశాడు!

బకెట్లు పట్టుకున్న కుర్రాళ్లు

ఇప్పుడు సముద్రం దాటి బ్రిటన్ వెళదాం. 1984 మార్చి. బొగ్గు గనులు మూసేస్తామని ప్రభుత్వం అంది. గని కార్మికులు సమ్మె కట్టారు. ప్రధాని మార్గరెట్ థాచర్ బిగుసుకు కూర్చుంది. నెలలు గడిచేకొద్దీ కార్మికుల ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమైంది.

అదే ఏడాది జూన్‌లో లండన్ ప్రైడ్ ఊరేగింపులో మార్క్ ఆష్టన్, మైక్ జాక్సన్ అనే ఇద్దరు స్నేహితులు బకెట్లు పట్టుకుని గని కార్మికులకు చందాలు అడిగారు. మార్క్ వయసు ఇరవై నాలుగు. ఈమధ్య పోలీసులు మన బార్ల దగ్గర తగ్గారేంటి, ఎక్కడికి పోయారు అని సినిమాలో అతను అడుగుతాడు. గనుల దగ్గరికి! లాఠీ మారలేదు, వీపు మారింది. అంతే తేడా.

అలా పుట్టింది 'లెస్బియన్స్ అండ్ గేస్ సపోర్ట్ ది మైనర్స్' అనే సంఘం. సమ్మె నిధుల మీద కోర్టు దెబ్బ పడే రోజులు కాబట్టి యూనియన్ ఆఫీసుకు కాక, సౌత్ వేల్స్‌లోని డులైస్ లోయ పల్లెలకు నేరుగా డబ్బు పంపించారు. 1984 అక్టోబరులో వ్యానెక్కి అక్కడికే వెళ్లారు. వేల్స్ పల్లెటూరు, గని కార్మికుల క్లబ్బు హాలు, లోపల మోటు మనుషులు, వాళ్ల ఇల్లాళ్లు, ముసలమ్మలు. గుమ్మంలో లండన్ నుంచి దిగిన గేలు, లెస్బియన్లు! ఇంతకన్నా మంచి కామెడీ ఏ రచయితకు దొరుకుతుంది? బిల్ నై, ఇమెల్డా స్టాంటన్, డొమినిక్ వెస్ట్ లాంటి ఉద్దండులు ఈ సీన్లలో హాయిగా నవ్విస్తారు, ఆనక గొంతులో ఏదో అడ్డుపడేలా చేస్తారు. దర్శకుడు మాథ్యూ వార్కస్, రచయిత స్టీఫెన్ బెరెస్‌ఫోర్డ్.

ఆ డిసెంబరు 10న లండన్‌లోని ఎలక్ట్రిక్ బాల్‌రూంలో నిధుల కోసం సంగీత విభావరి జరిగింది. బ్రోన్‌స్కీ బీట్ బృందం పాడింది. కార్యక్రమం పేరు 'పిట్స్ అండ్ పర్వర్ట్స్'. 'గనులూ భ్రష్టులూ' అనుకోండి. జనం తిట్టే తిట్టునే పోస్టరు మీద అచ్చేయించి, టిక్కెట్లు అమ్మారు! లండన్ సంఘం మొత్తం మీద వసూలు చేసింది దాదాపు 22,500 పౌండ్లు.

మైనరు కాని మైనరు

'ప్రైడ్'లో జో అనే ఇరవయ్యేళ్ల కుర్రాడున్నాడు. కల్పిత పాత్ర. మొహమాటం పిల్లాడు, ఇంట్లో చెప్పలేదు. అతని చుట్టూ ఉన్న చట్టం మాత్రం కల్పితం కాదు. ఇంగ్లండులో 1967 చట్టం మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరం కాదంది, కానీ ఇరవై ఒకటి దాటినవాళ్లకే, నాలుగు గోడల మధ్యనే. ఆడా మగా జంటకైతే పదహారు చాలు! అందుకే ఇరవయ్యేళ్ల జో ఆ లెక్కలో ఇంకా మైనరే. ఈ తేడా 1994లో పద్దెనిమిదికి దిగింది, 2001లో గానీ పదహారుకు చేరలేదు.

ఆ 1967 చట్టం పాతతరం సూటు పెద్దమనుషులు ఏళ్ల తరబడి పార్లమెంటు మెట్లెక్కి సాధించింది. వాళ్లకది గెలుపు. 1970లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో విద్యార్థులు మొదలుపెట్టిన గే లిబరేషన్ ఫ్రంట్‌కు మాత్రం అది భిక్ష. మేం దాక్కోం అన్నారు వాళ్లు. 1972లో లండన్‌లో మొదటి ప్రైడ్ ఊరేగింపు తీశారు. ఆ పునాది లేకపోతే 1984లో బకెట్లు పట్టడానికి ఊరేగింపే లేదు.

మార్క్ సంఘంలోనూ అంతా ఒకే మాట కాదు. మగవాళ్ల గొంతే ఎక్కువగా వినిపిస్తోందని కొందరు మహిళలు విడిగా 'లెస్బియన్స్ అగైన్‌స్ట్ పిట్ క్లోజర్స్' పెట్టుకున్నారు. విడిపోయినా ఇద్దరూ పనిచేసింది ఆ గని కార్మికుల కోసమే. ఇలాంటి విడిపోవడాన్ని నేను ఓటమి అనలేను.

1985 మార్చిలో సమ్మె ఓడిపోయింది. కార్మికులు ఒట్టి చేతులతో గనుల్లోకి దిగారు. కథ అక్కడ ఆగితే విషాదాంతం. కానీ ఆ జూన్‌లో లండన్ ప్రైడ్ ఊరేగింపు ముందు వరసలో ఎవరు నడిచారో తెలుసా? బస్సులెక్కి, తమ బ్యానర్లు పట్టుకొచ్చిన గని కార్మికులు! అదే ఏడాది లేబర్ పార్టీ మహాసభలో గేల, లెస్బియన్ల హక్కుల తీర్మానం గెలవడానికి గని కార్మికుల యూనియన్ గంపగుత్త ఓట్లు తోడయ్యాయి. ఇది సినిమాటిక్ లిబర్టీ కాదు, జరిగింది. పల్లెలో పిల్లల్ని పెంచుకుంటూ సమ్మె వంటశాలలో చేయి వేసిన సియాన్ జేమ్స్ ఆ తర్వాత చదువుకుని, 2005లో పార్లమెంటు సభ్యురాలైంది.

మార్క్ ఆష్టన్ మాత్రం ఆమె పార్లమెంటుకు వెళ్లిన రోజు దాకా బతకలేదు. 1987 ఫిబ్రవరిలో ఎయిడ్స్‌తో కన్నుమూశాడు. ఇరవై ఆరేళ్లు! ఆ జబ్బు ఒక తరాన్ని సగంలో తుంచేసింది. తర్వాతివాళ్లకు దారి చెప్పాల్సిన అన్నలు ఎందరో లేకుండా పోయారు. తరాల మధ్య దూరానికి ఇదీ ఒక కారణం. దీన్ని ఏ వాదన పూడ్చలేదు.

అట్ట మీద మాయమైన మాట

'ప్రైడ్' కేన్స్ ఉత్సవంలో చప్పట్లు కొట్టించుకుంది, క్వీర్ పామ్ బహుమతి అందుకుంది. తర్వాత అమెరికాలో డీవీడీ వచ్చింది. దాని అట్ట వెనక చూసిన అభిమానులు నోరు తెరిచారు. కథా సంగ్రహంలో గే, లెస్బియన్ మాటలు లేవు. ఫోటోలో వెనకున్న బ్యానరు మీది అక్షరాలు కూడా చెరిపేశారు! ప్రపోజిషన్ 6 నాటి కరపత్రం డీవీడీ అట్టగా తిరిగొచ్చిందన్నమాట.

అంతకుముందు 2008లో కాలిఫోర్నియాలో ఇలాంటిదే జరిగింది. గే పెళ్లిళ్లు ఆపాలన్న ప్రపోజిషన్ 8 ఓటుకొచ్చింది. ఓటుకు వారం ముందు కాస్ట్రో థియేటర్లో 'మిల్క్' తొలి ప్రదర్శన పడింది. బయట ప్రచారంలో మాత్రం గే జంటలు దాదాపు కనబడలేదని తర్వాత విమర్శలు వచ్చాయి. నవంబరు 4న 52 శాతంతో ప్రపోజిషన్ నెగ్గింది. పెళ్లిళ్లు ఆగాయి, కోర్టుల చుట్టూ తిరిగి 2013లో గానీ మళ్లీ మొదలు కాలేదు. మర్నాటి ఏడాది 2009 అక్టోబరులో వాషింగ్టన్‌లో పెద్ద ఊరేగింపుకు పిలుపిచ్చినవాడు క్లీవ్ జోన్స్. అప్పటికి యాభై ఐదేళ్లవాడు. ఇది దండగ అన్న పెద్దలున్నారు. కొత్త కుర్రాళ్లు వెంట నడిచారు. ఒకప్పటి కుర్రాడు పెద్దవాడై కూడా కుర్రాళ్ల వైపే నిలబడ్డాడు!

లండన్‌లో ఇంకా గమ్మత్తు. 2015 ప్రైడ్ ఊరేగింపుకు ముందు నడవమని మార్క్ సంఘంలోని పాతవాళ్లను పిలిచారు. అప్పటికి సమ్మె ముగిసి ముప్పై ఏళ్లు. మా పక్కన కార్మిక సంఘాలు కూడా నడవాలి అన్నారు వాళ్లు. కుదరదన్నారు నిర్వాహకులు. అయితే మాకు ముందు వరసే వద్దు అని తల నెరిసిన ఆ స్నేహితులు వెనక్కి వెళ్లి, తమ కార్మిక మిత్రులతో కలిసి నడిచారు. ఆ ముందు వరస కన్నా ఆ వెనక వరస గొప్పగా కనిపిస్తుంది నాకు.

మరి మన దగ్గర?

1998లో దీపా మెహతా 'ఫైర్' మీద థియేటర్లలో దాడులు జరిగాయి. అద్దాలు పగిలాయి. అప్పుడు లెస్బియన్ సంఘాలు, స్త్రీల సంఘాలు, భావ స్వేచ్ఛ కోరేవాళ్లు కలిసి వీధిలోకొచ్చారు. సెక్షన్ 377 కేసు 2001 నుంచి కోర్టుల్లో నలిగింది. 2006లో 'వాయిసెస్ అగైన్‌స్ట్ 377' పేరిట బాలల హక్కుల వాళ్లు, స్త్రీల సంఘాలు, మానవ హక్కుల సంఘాలు కూడి కేసులో చేరాయి. సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు కొందరు తల్లిదండ్రులే ముందుకొచ్చి, మా పిల్లల్ని నేరస్తులనకండి అని అర్జీ పెట్టుకున్నారు. 2013లో తీర్పు ఎదురు తిరిగింది. 2018 సెప్టెంబరు 6న గెలిచింది. తరాల తగవు గురించి ఇన్ని మాటలు చెప్పాను గానీ, కన్నవాళ్లు బిడ్డ పక్కన బోనులో నిలబడ్డ సీను కన్నా పెద్ద సీను ఏ సినిమాలో ఉంది?

మన తెలుగు తెరపై అదే 2018లో వచ్చిన 'అ!' చిత్రంలో నిత్యా మీనన్, ఈషా రెబ్బా ప్రేమ జంటగా నటించారు. అమ్మా నాన్నల ముందు కూర్చుని ఆ విషయం చెప్పే సన్నివేశం హాల్లో చూసినప్పుడు, నా వెనక వరసలో మొదట కిచకిచలు వినిపించాయి. కాసేపటికి అవి ఆగిపోయాయి.

'మిల్క్', 'ప్రైడ్' రెండూ వీలు చూసుకుని చూడండి. చూసేటప్పుడు హీరో మీదే కళ్లు పెట్టకండి. సభ మొదలవకముందు హాల్లో కుర్చీలు వేసేవాళ్లు ఉంటారే, వంటశాలలో రొట్టె ముక్కలకు వెన్న రాసేవాళ్లు ఉంటారే, వాళ్లను కూడా చూడండి. ఫాస్టర్ చెప్పినదాంట్లో సగం నిజముంది. కుర్చీలు వేసినవాళ్లకు డాన్సు చేసే హక్కుంది. మిగతా సగం ఏమిటంటే, డాన్సు మొదలయ్యాక తలుపు దగ్గర కొత్తవాళ్లు వచ్చి నిలబడతారు. అప్పుడు లోపలున్నవాళ్లు చేయాల్సింది ఒక్కటే. ఇంకో నాలుగు కుర్చీలు తెచ్చి వేయడం.